పురుగు బాల్యాన్ని పొడిగించవద్దు

బెంగళూరు నుంచి హిందూపురం వెళ్లే బస్సులు హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో నిలిచే రోడ్డు మీదనే జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఉంది. ఆ బస్సుల్లో మొక్కజొన్న రైతులూ ఉంటారు. వారి పైరు సుడిని కొరికేసే కత్తెర పురుగు మన దేశంలో మొదట కనిపించింది 2018లో, ఈ కర్ణాటకలోనే. అది రూపం మారేటప్పుడు ఏ జన్యువు మేల్కొంటుంది, ఏది నిద్రపోతుంది అన్న పరిశోధనల వల్ల రైతుకు ఒరిగేదేమిటి? ఒరిగేది ఉంది, సరైన దశను చూస్తేనే.

గుడ్డుకైనా, పురుగుకైనా, మేత మాని కదలకుండా ఉండే ప్యూపాకైనా, రెక్కల పురుగుకైనా జన్యువులు అవే. శరీరంలో బాల్యాన్ని నిలిపి ఉంచే జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం క్రుప్పెల్ హోమోలాగ్-1 అనే జన్యువు పనిచేస్తూ, పురుగు కుబుసం విడిచినా మళ్లీ పురుగుగానే ఉంచుతుంది. చివరి దశలో ఆ హార్మోన్ తగ్గుతుంది. కుబుసం విడిపించే ఎక్డైసోన్ అనే హార్మోన్ ప్రభావంతో బ్రాడ్ అనే జన్యువు ప్యూపా రూపానికీ, ఆ తర్వాత E93 అనే జన్యువు రెక్కల రూపానికీ దారి వేస్తాయి.

జువెనైల్ హార్మోన్‌నే పురుగుమందుగా వాడవచ్చని కీటక శాస్త్రవేత్త కారల్ విలియమ్స్ 1950లలోనే ఆశపడ్డాడు. దోమల విషయంలో ఆ ఆలోచన పనికొచ్చింది, ఎందుకంటే కుట్టేది పెద్ద దోమ. లార్వా ఎన్నాళ్లు నీళ్లలో ఉంటే మనకేం? కత్తెర పురుగు లెక్క తలకిందులు. అది జీవితంలో తినే ఆకులో దాదాపు 77 శాతం, ప్యూపా కాకముందు చివరిదైన ఆరో దశలోనే తింటుంది. సరిగ్గా అప్పుడే దాని బాల్యాన్ని పొడిగిస్తే, దొంగకు ఇంకో పూట భోజనం పెట్టినట్టే.

టెబుఫెనోజైడ్ వంటి మందులు వ్యతిరేక దారిలో నడుస్తాయి. ఎక్డైసోన్‌ను అనుకరించి అకాలంలో కుబుసం విడిచేలా తొందరపెడతాయి. పురుగు గంటల్లోనే మేత మానేస్తుంది, ఆ కుబుసం పూర్తికాక చస్తుంది. విశేషమేమిటంటే, ఈ కోవలో మొదటి రసాయనం పనితీరును 1988లో ప్రకటించారు; ఎక్డైసోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు పట్టుబడింది 1991లో. జన్యు పటం లేకుండానే మందు దొరికింది. ప్రయోగశాలలకు ఇది కొంచెం ఇబ్బందికరమైన నిజమే.

ఇప్పుడు ఆశలన్నీ, పురుగులో ఎంచుకున్న జన్యువు నోరు మూయించే ఆర్‌ఎన్‌ఏ అణువుల పిచికారీ మీద. బంగాళాదుంప పెంకు పురుగుపై అలాంటి మందుకు అమెరికా 2023లో అనుమతిచ్చింది. కత్తెర పురుగు వంటి, రెక్కల పురుగులుగా మారే చిమ్మట (మాత్) జాతి పురుగులు అంత సులభంగా లొంగవు. వాటి పేగులోని క్షార గుణం, ఎంజైములు ఆ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి. అందుకే చాలా ప్రయోగాల్లో దాన్ని సూదితో ఎక్కిస్తారు. చేలో ఎవరు సూది వేస్తారు?

ఇలాంటి పరిశోధనా పత్రాల్లో, రూపం మారడం చెడిందనడానికి సాక్ష్యంగా వంకర తిరిగిన ప్యూపా ఫొటో తరచుగా ఉంటుంది. వచ్చే తరం తగ్గుతుందనే వాదన కాదనలేనిది, కానీ రెక్కల పురుగు పక్క జిల్లా నుంచి కూడా ఎగిరి వస్తుంది. నేను ఆ ఫొటో దాటి, పురుగు ఏ రోజున మేత మానిందో, ఎంత ఆకు మిగిలిందో చెప్పే పట్టిక కోసం చూస్తాను.