ఊరి వ్యాపారం కార్పొరేషన్ పని కాదా? ఆ మెసేజ్‌కి నా జవాబు

నెల్లూరు కార్పొరేషన్‌లో ఆర్థికాభివృద్ధి చూడ్డానికి ఒక పెద్ద అధికారి ఉండాలని ఎవరన్నా అంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "అది అమెరికా పోస్టు. అక్కడ ఆ అధికారి పన్ను రాయితీలిచ్చి కంపెనీలను పిలుచుకొస్తాడు. మన దగ్గర పరిశ్రమల సంగతి రాష్ట్రం చూసుకుంటుంది. రాజ్యాంగం కార్పొరేషన్‌కు అప్పజెప్పింది చెత్త, నీళ్ళు, వీధి దీపాలే. వ్యాపారం పెరిగినా జీఎస్టీ పైకి పోతుంది, ఊరికి పైసా రాదు. కమిషనర్ ఉండగా ఇంకొకరికి జీతం దండగ."

చదవగానే నిజమేననిపిస్తుంది. స్టోన్‌హౌస్‌పేట, చిన్నబజారు వ్యాపారులు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. ఎవరికి నష్టమో వాళ్ళే పంచుతున్నారు కాబట్టి ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

రాజ్యాంగం సంగతి ముందు తేల్చేద్దాం. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్లో పట్టణ సంస్థల పనులు 18 ఉన్నాయి. మంచినీళ్ళది 5వ అంశం, చెత్త, పారిశుద్ధ్యం 6వది, వీధి దీపాలు 17వది. వాటన్నిటికంటే పైన 3వ అంశంగా ఉన్నది ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక. ఈ పనుల్లో ఏది ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. అంతేగానీ రాజ్యాంగంలోనే లేదని చెప్పడం అబద్ధం.

"అమెరికాలో రాయితీలిచ్చి కంపెనీలు తెస్తారు" అన్నది సగం నిజం. 2017లో అమెజాన్ తన రెండో ప్రధాన కార్యాలయానికి చోటు కావాలంటే 238 ప్రతిపాదనలు వెళ్ళాయి. 2018 నవంబరులో న్యూయార్క్‌నూ, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌నూ ఎంచుకున్నారు. న్యూయార్క్‌లో నగరం, రాష్ట్రం కలిసి ఇస్తామన్న రాయితీలు దాదాపు 300 కోట్ల డాలర్లు. స్థానికులు, కొందరు ప్రజాప్రతినిధులు గట్టిగా ఎదురు తిరగడంతో 2019 ఫిబ్రవరిలో కంపెనీయే అక్కడ వెనక్కి తగ్గింది. ఇలాంటి వేలంపాటలో మన ఊరు దిగాలని నేనూ కోరుకోను. దిగడానికి కార్పొరేషన్ దగ్గర ఆ డబ్బూ లేదు, ఆ అధికారమూ లేదు.

మెసేజ్ రాసినవాళ్ళు వదిలేసిన రెండో సగం లిటిల్టన్‌ది. కొలరాడోలో డెన్వర్ పక్కనున్న చిన్న ఊరు అది. 1980ల్లో అక్కడ క్షిపణులు తయారుచేసే పెద్ద కంపెనీ వేలమందిని ఉద్యోగాల నుంచి తీసేసింది. ఇంకో పెద్ద కంపెనీ కోసం పరుగెత్తకుండా, ఊళ్ళో ఉన్న చిన్న వ్యాపారాలనే పెంచాలని ఆ నగర పాలకులు నిర్ణయించుకున్నారు. క్రిస్ గిబ్బన్స్ అనే నగర అధికారి ఆ పనికి పెద్ద. ఆయన విభాగం కంపెనీలకు డబ్బు పంచలేదు. చిన్న వ్యాపారి తనంతట కొనుక్కోలేని సమాచారాన్ని అందించింది: కొనేవాళ్ళు ఏ పేటలో ఉన్నారు, పోటీ ఎవరితో, ఆ సరుకుకి గిరాకీ పెరుగుతోందా తరుగుతోందా అని. ఎకనామిక్ గార్డెనింగ్ అని పేరు పెట్టుకున్న ఆ పద్ధతిని తర్వాత చాలా ఊళ్ళు తీసుకున్నాయి. నెల్లూరుకి నేను అడుగుతున్నది ఇలాంటి అధికారిని.

ఇక "పరిశ్రమల సంగతి రాష్ట్రం చూసుకుంటుంది" అన్న మాట. పెద్ద పరిశ్రమలకు అది నిజమే. స్థలాలు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ ఇస్తుంది, అనుమతులన్నీ ఒకేచోట ఇవ్వడానికి సింగిల్ డెస్క్ ఉంది. కృష్ణపట్నం పోర్టు కార్పొరేషన్ హద్దుల్లో లేదు, చీమకుర్తి గ్రానైట్ ఒంగోలు కార్పొరేషన్ చేతిలో లేదు. మరి అక్కడ గాలి మారితే దెబ్బ పడేది ఎక్కడ? 2024 మొదట్లో కృష్ణపట్నంలో కంటైనర్ సర్వీసులు ఆగిపోతున్నాయని జిల్లాలో పెద్ద గొడవ జరిగింది. ఒక పోర్టులో పని తగ్గితే లారీ ఓనర్లు, క్లియరింగ్ ఏజెంట్లు, మెకానిక్కులు, అద్దె ఇళ్ళవాళ్ళు, మెస్సులవాళ్ళు అందరికీ తగులుతుంది. వాళ్ళలో చాలామంది ఉండేది ఊళ్ళోనే. నగరంలో ఎంతమందికి పని పోతుంది, వాళ్ళకి ఇంకేం దారి చూపగలం అని లెక్క తీయడం కార్పొరేషన్‌లో ఏ సెక్షన్ బాధ్యత? టౌన్ ప్లానింగ్‌దా, రెవెన్యూదా, ఇంజనీరింగ్‌దా? ఎవరిదీ కాదు. ఎవరి పనీ కానప్పుడు అది జరగదు.

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం అనుకుంటాను. కార్పొరేషన్ ఇప్పటికే ఊరి ఆర్థిక వ్యవస్థలో రోజూ చేయి పెడుతోంది. ఒకామె చిన్న టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుంటే ట్రేడ్ లైసెన్స్‌కి పబ్లిక్ హెల్త్ సెక్షన్, షెడ్డు వేయాలంటే టౌన్ ప్లానింగ్, కార్పొరేషన్ గది అద్దెకు కావాలంటే రెవెన్యూ. తోపుడుబండి పెట్టుకుంటే గుర్తింపు కార్డుకి, లోనుకి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా. కొట్టు ముందు కాలవ పని మొదలైతే ఇంజనీరింగ్. ఏ సెక్షన్ రూల్స్ దానివి. ఆమె వ్యాపారం నిలబడిందా, ఆర్నెల్లకే మూతపడిందా అన్నది మాత్రం ఏ ఫైలులోనూ ఉండదు.

వీధి వ్యాపారుల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. 2014 చట్టం ప్రకారం కనీసం అయిదేళ్ళకోసారి సర్వే చేయాలి, బళ్ళు పెట్టుకునే చోట్లు (వెండింగ్ జోన్లు) గుర్తించాలి. కమిషనర్ అధ్యక్షుడుగా టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. జనాభాలో 2.5 శాతం వరకు వాళ్ళకు చోటు చూపించాలి. 5 లక్షల జనాభా ఉన్న ఊరికి అది 12,500 మంది. ట్రంకు రోడ్డు మీద బళ్ళు తీయించే స్పెషల్ డ్రైవ్‌లు మనకి బాగా తెలుసు. ఈ 12,500 మందిని ఎక్కడ పెట్టాలో ఏడాది పొడుగునా ఆలోచించే మనిషి కావాలంటే మాత్రం దండగంటున్నాం.

"జీఎస్టీ పైకి పోతుంది" నిజమే, అది కేంద్రానికీ రాష్ట్రానికీ పంచుకునే పన్ను. కానీ 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఆస్తి పన్ను స్థలం, భవనం మూలధన విలువ (రిజిస్ట్రేషన్ ధర ఆధారంగా కట్టే విలువ) మీద లెక్కిస్తున్నారు. బజారు కళకళలాడితే ఆ విలువ నిలబడుతుంది, పన్ను వస్తుంది. ట్రేడ్ లైసెన్స్ ఫీజులు, ప్లాన్ ఫీజులు, కార్పొరేషన్ గదుల అద్దెలు కూడా వ్యాపారం మీద ఆధారపడ్డవే. పైసా రాదన్నది తప్పు.

"కమిషనర్ చాలు" అనేవాళ్ళు ఆయన దినచర్య ఒకసారి చూడాలి. తెల్లవారుజామున పారిశుద్ధ్యం, తర్వాత సమీక్షలు, కోర్టు కేసులు, కౌన్సిల్, వానొస్తే ముంపు. రొట్టెల పండుగకి లక్షల జనం వచ్చినా ఏర్పాట్లు నడుస్తున్నాయంటే, ఆ అయిదు రోజులూ ఏ పని ఎవరిదో రాసిపెట్టి ఉంటుంది కాబట్టే. వ్యాపారానికి సంబంధించి అలా రాసిపెట్టిన పేరు లేదు.

జీతం మీద అనుమానం ఒక్కటే నేను గౌరవించే అభ్యంతరం. డిప్యుటేషన్ మీద వచ్చి ఆర్నెల్లకు బదిలీ అయ్యే పోస్టయితే నిజంగానే దండగ. అందుకే షరతులు ముందే పెట్టాలి. కనీసం మూడేళ్ళ పదవీకాలం ఉండాలి. కొత్తగా ఎన్ని ట్రేడ్ లైసెన్సులు వచ్చాయి, ఎన్ని రెన్యువల్ కాలేదు, ఎందుకు కాలేదు, వెండింగ్ జోన్లలో ఎంతమందికి చోటు దొరికింది, కార్పొరేషన్ గదులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి అన్న లెక్కను ప్రతి మూడు నెలలకూ కౌన్సిల్ ముందు పెట్టాలి, తెలుగులో ఆఫీసు బోర్డు మీద అంటించాలి. అవసరమైతే రెండేళ్ళు ప్రయోగంగా ఒక అదనపు కమిషనర్‌కే ఈ పని పూర్తిగా అప్పగించి చూడొచ్చు, కొత్త జీతం అక్కర్లేదు. మెసేజ్ పంచుతున్న వ్యాపార సంఘాల పెద్దలు వచ్చే కౌన్సిల్ సమావేశానికి ముందు ఈ షరతులతో అధికారి కావాలని మీ కార్పొరేటర్ చేతికి అర్జీ ఇవ్వండి.