ఒక నేరానికి శిక్ష, మిగతావి ఉచితం

ఆషాఢం ఆఫర్లు విశాఖ జగదాంబ సెంటర్లో బట్టల కొట్లకే పరిమితం కావడం నాకు మొదట్నుంచీ నచ్చదు. ఒక చీర కొంటే రెండు ఉచితం అని వాళ్ళు అనగా లేనిది, ఒక నేరానికి శిక్ష పడితే మిగతా నేరాలు ఉచితం అని సర్కారు ఎందుకు ప్రకటించకూడదు? సగం అమల్లో ఉన్న పథకమే కదా. బోర్డు కట్టడమే తరువాయి.

దీని వెనకున్న సిద్ధాంతం చాలా గట్టిది. "వాడు ఆల్రెడీ లోపలే ఉన్నాడు కదమ్మా, మళ్ళీ కేసెందుకు?" ఇంత పొదుపైన వాక్యం మన న్యాయవ్యవస్థలో ఇంకోటి పుట్టలేదు. దర్యాప్తు, ఛార్జిషీటు, సాక్షులు, తీర్పు అన్నీ ఆ ఒక్క "కదమ్మా"లో తేలిపోతాయి.

మొన్న కోర్టు వరండాలో మల్కాపురం నుంచి వచ్చిన ఒకావిడకి మాత్రం ఈ సిద్ధాంతం ఎంతకీ బుర్రకెక్కలేదు. బండి మీద వచ్చి ఆవిడ మెడలోంచి మూడు తులాల పుస్తెలతాడు తెంపుకుపోయినవాడు ఇప్పుడు వేరే కేసులో శిక్ష పడి జైల్లో ఉన్నాడు. గొలుసు కోసుకుపోయిన గీత మెడ మీద ఇంకా ఉంది. దాని కిందే పసుపుకొమ్ము కట్టిన దారం. "ఆడు లోపలున్నాడంటన్నారు, సరే బాబూ. మరి నా పుస్తెలతాడు కూడా లోపలే ఉందేటి?" అని అడిగింది. చట్టం తెలియని ప్రశ్న. జైలున్నది మనుషుల్ని పెట్టుకోడానికి, బంగారం దారి బంగారానిది. అది ఎక్కడో కరిగి బిళ్ళయ్యే ఉంటుంది. ఆ బిళ్ళ దొరికినా అది ఈవిడదేనని తేలాలంటే ఈవిడ కేసు నడవాలి. నడవడమే అనవసరమని కదా మనం అంటున్నది!

చట్టం కూడా మన పక్షానే ఉంది. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 467వ సెక్షన్ చూడండి. జీవితఖైదు అనుభవిస్తున్నవాడికి మరో కేసులో శిక్ష పడితే రెండూ కలిసే నడుస్తాయి, అదనంగా ఒక్క రోజు కూడా పడదు. ఒకే విచారణలో ఎన్ని హత్యలు రుజువైనా జీవితఖైదుల్ని ఒకదాని తర్వాత ఒకటి పేర్చడానికి వీల్లేదని, మనిషికి ఉండేది ఒకటే జీవితమని 2016లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చచ్చిపోయినవాళ్ళకి కూడా ఒక్కోటే ఉండేదనుకోండి, అది వేరే సంగతి. గొలుసు దొంగల్లాంటి చిన్నవాళ్ళ విషయంలో మాత్రం పాత శిక్ష అయ్యాకే కొత్తది మొదలవ్వాలని అదే సెక్షన్ అంటోంది. కాస్త ఇబ్బందే. అయితే రెండూ ఏకకాలంలో నడవాలని జడ్జి గారు ఒక ముక్క రాస్తే ఆ ఇబ్బందీ తీరిపోతుంది.

ఖర్చు సంగతి చూద్దాం. లోపలున్నవాణ్ని ఇంకో కేసులో కోర్టుకి తేవాలంటే పీటీ వారెంటు కావాలి, వ్యాను కావాలి, ఎస్కార్టు కావాలి. జైలు ఊరి నడుమ ఉన్న రోజుల్లో సరిపోయింది. ఇప్పుడది అడవివరంలో కొండ దగ్గరికి పోయింది. పాతజైలు స్థలంలో పార్కు వచ్చింది, పాతజైలు రోడ్డు పేరు మాత్రం మిగిలింది. ఇక విశాఖలో బందోబస్తు లేని రోజేది? ఒకరోజు మంత్రి గారు, ఒకరోజు సదస్సు, ఒకరోజు బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాలు. దేశ గౌరవం కాపాడే పనిలో ఉన్న కానిస్టేబుల్ని గొలుసు దొంగ వెంట పంపమంటే ఎలా? అందుకే "ఎస్కార్టు లేదు, వాయిదా". మల్కాపురం ఆవిడకి బస్సు ఉచితమే, స్త్రీశక్తి పుణ్యమా అని. పోయిన రోజు కూలికి మాత్రం ఇంకా ఏ పథకమూ రాలేదు. సాక్షులకి బత్తా అని ఒకటుంటుందని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మన పథకానికి అడ్డుపడేవాళ్ళు అమెరికా నుంచి ఒక ఉదాహరణ ఎత్తుకొస్తారు. హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌కి లైంగిక నేరాల కేసులో 2020లో న్యూయార్క్‌లో 23 ఏళ్ళు పడింది. ముసలాడు, లోపలే ఉన్నాడు, ఇక బయటికేం వస్తాడని లాస్ ఏంజెలెస్ వాళ్ళు ఊరుకోవచ్చు కదా! ఊరుకోకుండా అక్కడి బాధితురాలి కేసు నడిపించారు. 2023లో ఇంకో 16 ఏళ్ళు పడింది. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ తీర్పుని పైకోర్టు కొట్టేసింది. ఆ పూట అతగాడు బయటికి నడిచి రాకుండా ఆపింది ఈ "అనవసరపు" రెండో కేసే. సరే, అమెరికా వాళ్ళకి డబ్బెక్కువ, వదిలేద్దాం. మన గుజరాత్‌లో 2022 ఆగస్టు 15న బిల్కిస్ బానో కేసులోని పదకొండు మంది జీవితఖైదీలు పూలదండలతో బయటికొచ్చారు. ఆ విడుదలని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు రద్దు చేసి మళ్ళీ లోపలికి పంపింది. దానికోసం సుప్రీంకోర్టు తలుపు తట్టినవాళ్ళలో బాధితురాలు కూడా ఉంది. "లోపలే ఉన్నాడు కదమ్మా" అన్నవాళ్ళెవరూ ఆ తలుపు దగ్గర కనపడలేదు.

వ్యంగ్యం కాసేపు పక్కనపెట్టి ఒక్కమాట. అందరికీ రెండో కేసు కావాలనేం లేదు. బోనెక్కి, వాడి ఎదురుగానే జరిగిందంతా మళ్ళీ చెప్పి, క్రాస్‌లో మాటలు పడేకన్నా ఊరుకోవడమే నయమనుకునేవాళ్ళున్నారు. వాళ్ళని ఎవరు తప్పుపడతారు? ఆ మాట వాళ్ళు అనాలి గానీ, వాళ్ళ తరఫున ఫైలు మూసుకునేవాళ్ళు అంటే ఎలా?

కొత్త చట్టానికి ఈ చాదస్తం బాగానే పట్టినట్టుంది. ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకోవాలంటే బాధితుల మాట వినకుండా కోర్టు అనుమతించకూడదని 360వ సెక్షన్‌లో రాశారు. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకి చెప్పాలని ఇంకోచోట రాశారు, ఫోనులో మెసేజ్ పెట్టినా చాలట. మన పథకం సాఫీగా సాగాలంటే ముందు ఈ రెండింటినీ సవరించాలి. అడిగితే వాళ్ళు ఏదో ఒకటి చెప్తారు, చెప్తే రాసుకోవాలి, రాసుకుంటే ఫైలు లావెక్కుతుంది.

అన్నట్టు ఆవిడ కేసు ఆ రోజు పిలిచారు. బంట్రోతు మూడుసార్లు కేకేశాడు, ముద్దాయి రాలేదు, ఎస్కార్టు లేదు. వచ్చే వాయిదా ఎప్పుడు వేయాలన్న మాట వచ్చింది. ఆ రోజు ఎస్కార్టు దొరుకుతుందో లేదో కోర్టు కానిస్టేబుల్ని అడిగారు. డిఫెన్సు వకీలు గారికి పైకోర్టులో పనేమైనా ఉందేమో ఆయన జూనియర్ని అడిగారు. ప్రభుత్వ వకీలు పీపీ గారి సెలవు అడిగారు. ముగ్గురికీ కుదిరిన తేదీ ఒకటి దొరికింది, డైరీలో ఎక్కింది. ఆవిడ వరండాలోకొచ్చి, ఆ తేదీ ఏ వారమవుతుందో చూసిపెట్టమని నన్నడిగింది. సోమవారం. పని చేసే ఇంట్లో సోమవారం సెలవివ్వరంది.