మైక్రోమీటర్ దండగ, బొటనవేలు ఉండగా

ఇంజిన్ విప్పి బిగించేటప్పుడు కొలతలు తీసే దుర్మార్గపు అలవాటు కొందరిలో బాగా ముదిరింది. నా ఇంజిన్ బిగించిన నిపుణుడికి మాత్రం ఆ జబ్బు లేదు. పిస్టన్‌ని బోరులోకి, అంటే అది ఆడే గొట్టంలోకి, దించి, రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, "భేషుగ్గా ఉంది సార్" అన్నాడు. గ్యాప్ ఎంత అని అడిగాను. "సరిపడా" అన్నాడు. ఇంతకంటే కచ్చితమైన అంకె నేను వినలేదు.

కొలతల వాళ్ళది వట్టి చాదస్తం. అల్యూమినియం పిస్టన్ పోత ఇనుప బోరు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుందట. అందుకని చల్లగా ఉన్నప్పుడే మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఖాళీ వదలాలట. అది కూడా స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర, పిస్టన్‌ని కడ్డీకి కలిపే పిన్నుకి అడ్డంగా కొలిచి మరీ! తర్వాతెప్పుడో వేడెక్కి ఉబ్బబోయే పిస్టన్ గురించి ఇప్పట్నుంచే టెన్షన్ ఎందుకు?

కంప్రెషన్ రేషియో గొడవ మరీ విడ్డూరం. పిస్టన్ కిందున్నప్పటి మొత్తం చోటు, అది పైకొచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె అది. బోరు అడ్డకొలత 86, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 86 మిల్లీమీటర్లు ఉన్న సిలిండర్ సుమారు 500 సీసీ. పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 55.5 సీసీ అయితే రేషియో 10, 50 సీసీ అయితే 11. ఒక టీస్పూను తేడా! ఆ టీస్పూను కోసం హెడ్డుని (సిలిండర్ పైమూతని) తిరగేసి, అంచుకి గ్రీజు రాసి, పారదర్శకమైన పలక అంటించి, బ్యూరెట్‌తో ద్రవం చుక్కచుక్క వదులుతూ, చివరి గాలిబుడగ బయటపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మావాడు "పవర్ కావాలా?" అని ఒక్క మాట అడిగి, ఆ చోటు తగ్గేలా హెడ్డుని "కొంచెం" గీయించాడు. నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) వస్తుందేమో అన్నాను. "వస్తే పవర్ వచ్చినట్టే కదా!" అన్నాడు.

ఇంకొందరు పిస్టన్ నెత్తిన ప్లాస్టిసిన్ ముద్ద అతికించి, హెడ్డు బిగించి, క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పుతారు. వాల్వు నొక్కిన చోట బ్లేడుతో కోసి, మిగిలిన మందాన్ని బట్టి వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ ఎంతో చూసుకుంటారు. ఈ వయసులో మట్టిబొమ్మల ఆటలా? మా వాల్వులకి ఇలాంటి నిశ్చితార్థాలేవీ జరగలేదు. మొదటి సెల్ఫ్‌కే నేరుగా వెళ్ళి పిస్టన్‌ని కలుసుకున్నాయి. టక్‌మంది. నిపుణుడు చెవి ఒగ్గి విని, "సెట్ అవుతోంది" అన్నాడు.

హెడ్డు మళ్ళీ ఊడదీశాం. పిస్టన్ నెత్తిమీద రెండు అర్ధచంద్రాలు నిగనిగలాడుతున్నాయి. లోతెంతో చూద్దామని నేను గేజ్ తీయబోతే, చటుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి సార్, నేను గోరు పెట్టి చెప్తా."