ఫోటోలు దొరుకుతున్నాయి, ఫోటోగ్రాఫర్లే దొరకడం లేదు

జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన ‘రైన్ 2’ అనే ఫోటోను మొదటిసారి ఫోన్‌లో చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పైన బూడిదరంగు ఆకాశం, మధ్యలో అడ్డంగా నది, అటూ ఇటూ పచ్చగడ్డి, ముందు సన్నటి దారి. బొటనవేలంత సైజులో అది చారల దుప్పటిలా ఉంది. 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది ఇదేనా అనుకుని పైకి నెట్టేశాను. ఇలాంటిది మనమూ తీయగలం కదా అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

అసలు ప్రింటు మూడు మీటర్లకు పైగా వెడల్పు ఉంటుందని నాకు తెలిసింది చాలా తర్వాత. 1999లో చేసిన ఆ పని కోసం అవతలి ఒడ్డున ఉన్న కట్టడాన్నీ, దారిలో నడుస్తున్న మనుషులనూ గుర్‌స్కీ కంప్యూటర్‌లో తీసేశాడు. అంటే ఫోటోలో కనిపించే ఆ నది అచ్చం అలా ఏ ఒడ్డునా లేదు. నేను చూసి కొట్టిపారేసింది ఆ ఫోటోను కాదు, దాని నీడను.

సమకాలీన ఫైన్ ఆర్ట్ ఫోటోగ్రఫీని, అంటే కళగా తీసే ఫోటోలను వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. చూడటానికి ఫోటోలు ఎన్నో ఉన్నాయి, ఏ మనిషి ఏం చేస్తున్నాడో తెలియడమే కష్టంగా ఉంది. ఫీడ్‌లో ఫోటోలు ఒంటరిగా వస్తాయి, అన్నీ ఒకే సైజులో వస్తాయి, ముందువెనకలు లేకుండా వస్తాయి. ఈ రంగంలో చాలామంది పనిచేసేది మాత్రం సిరీస్‌లలో, అంటే ఒకే ఆలోచన మీద వరుసగా తీసే ఫోటోల్లో. ఒక్క ఫోటో వాళ్లకు వాక్యంలో ఒక మాట లాంటిది. ఆ ఒక్క మాట విని మనం లైక్ కొట్టి వెళ్లిపోతాం.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ సిండీ షెర్మన్ సంగతే చూడండి. 1977 నుంచి 1980 దాకా ఆమె చేసిన ‘అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్’లో దాదాపు 70 బ్లాక్ అండ్ వైట్ ఫోటోలున్నాయి. వాటిలో బాగా పేరున్న ఒకదాన్లో టోపీ పెట్టుకున్న అమ్మాయి ఎత్తయిన భవనాల మధ్య నిలబడి పక్కకు చూస్తుంటుంది. అదొక్కటే చూస్తే ఏదో పాత సినిమా స్టిల్ అనిపిస్తుంది. ఏ సినిమానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తాం కూడా. అలాంటి సినిమా లేదు. పది ఫోటోలు చూశాక అనుమానం మొదలవుతుంది. ముప్పై చూసేసరికి వంటింట్లో నిలబడ్డ ఇల్లాలూ, రోడ్డు పక్కన ఎదురుచూస్తున్న అమ్మాయీ అందరూ ఒక్కరేననీ, అందరూ షెర్మనేననీ తెలిసిపోతుంది. కథ ఆమె చెప్పలేదు. టోపీ, లైటింగ్, చూపు తిప్పిన తీరు ఇచ్చి ఊరుకుంది. మిగతాదంతా మన బుర్రే అల్లేసింది. ఆ అల్లికను మనచేత పట్టించడమే ఆమె పని. ఒక్క ఫోటోతో అది సాధ్యమయ్యేది కాదు.

జర్మన్ ఫోటోగ్రాఫర్లు బెర్ండ్, హిల్లా బెకర్ దంపతులది ఇంకా మొండిపట్టు. మబ్బు పట్టిన రోజు చూసుకుని, ఒకే రకం కోణంలో, నీళ్ల ట్యాంకులూ గ్యాస్ ట్యాంకులూ ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులూ దశాబ్దాల పాటు తీస్తూ పోయారు. ఒక నీళ్ల ట్యాంకు ఫోటో చూస్తే ఏముంటుంది? తొమ్మిదింటిని వరుసల్లో పేర్చి చూస్తే మాత్రం ఒక్కోదానికి ఒక్కో ముఖం వస్తుంది. 1976 నుంచి డ్యూసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో బెర్ండ్ పాఠాలు చెప్పాడు. గుర్‌స్కీ, థామస్ స్ట్రూత్, థామస్ రఫ్, కాండిడా హోఫర్ అక్కడి శిష్యులే. ఈ ముక్క తెలిశాకే నాకు ‘రైన్ 2’లోని ఆ మొహమాటం లేని చదును ఎక్కడిదో అర్థమైంది. కొత్త ఫోటోగ్రాఫర్‌ను కనిపెట్టడానికి ఏ సిఫార్సు జాబితా కన్నా ఈ గురుశిష్యుల దారి మేలని నా నమ్మకం. నచ్చిన ఒకరిని పట్టుకుని, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడుగుతూ పోవాలి. అవార్డుల జాబితాలూ పనికొస్తాయి కానీ, వాటిలో ఎక్కువగా దొరికేది అప్పటికే పేరొచ్చినవాళ్లు.

ఫోటో ఎలా తయారైందో తెలియడం కూడా చూపును మార్చేస్తుంది. జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1970ల చివర్లో మొదలుపెట్టిన ‘థియేటర్స్’ సిరీస్‌లో ప్రతి ఫోటోలోనూ ఒక సినిమా హాలు, మధ్యలో తెల్లగా వెలిగిపోతున్న తెర. మొదట చూస్తే ప్రొజెక్టర్ వేసి బొమ్మ పెట్టడం మరిచారేమో అనిపిస్తుంది. నిజానికి సినిమా మొదలైనప్పుడు కెమెరా షట్టర్ తెరిచి, అయిపోయాక మూశాడాయన. రెండు గంటల సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన లక్షా డెబ్బై వేలకు పైచిలుకు ఫ్రేములు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి చివరికి తెలుపు మిగిలింది. ఖాళీగా కనిపిస్తున్న ఆ తెర అసలు నిండిపోయి ఉంది. హాల్లో కుర్చీలూ గోడల మీది నగిషీలూ కనిపిస్తున్నాయంటే, అది ఆ సినిమా వెలుతురే.

ఇలాంటి సంగతులు ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్లలో, అంటే తమ పని గురించి కళాకారులు రాసుకునే పరిచయాల్లో ఉండవా అంటే, ఉంటాయి. కానీ వాటిలో సగం ఎవరికీ అర్థం కాకూడదన్న పట్టుదలతో రాసినట్టుంటాయి. ముందు ఫోటోలు చూసి, తర్వాత అవి చదవడం మంచిది.

గ్యాలరీలకు వెళ్లడం అందరికీ కుదరదు. ఆ లోటును చాలావరకు తీర్చేది ఫోటోబుక్. ఏ ఫోటో తర్వాత ఏది రావాలి, ఎక్కడ పేజీ ఖాళీగా వదలాలి అన్నది ఫోటోగ్రాఫర్ తేల్చి ఇస్తాడు. ఇందులో మన దేశపు ఫోటోగ్రాఫర్ దయానితా సింగ్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆమెకు పుస్తకం అనేది ఫోటోలను అచ్చేసే చోటు కాదు, పుస్తకమే కళాఖండం. ‘మ్యూజియమ్ ఆఫ్ ఛాన్స్’లో 88 ఫోటోలుంటే ఆ 88 కవర్ల మీదకూ ఎక్కాయి. మీ చేతిలోని ప్రతికీ నా చేతిలోని ప్రతికీ ముఖచిత్రం వేరు కావచ్చు. 2017లో వచ్చిన ‘మ్యూజియమ్ భవన్’ ఒక పెట్టెలో సర్దిన తొమ్మిది చిన్న మడత పుస్తకాలు. విప్పి బల్ల మీద నిలబెడితే అదే ప్రదర్శన. 2022లో ఫోటోగ్రఫీలో పెద్ద పురస్కారమైన హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చాక ఆమె పేరు చాలామందికి తెలిసింది. అప్పటికి ఆమె దశాబ్దాలుగా పుస్తకాలు చేస్తూనే ఉన్నారు.

ఈమధ్య ఏఐ బొమ్మల గొడవ కూడా ఇక్కడికే తిరిగొస్తుంది. 2023లో జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సన్ సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచి, అది ఏఐతో చేసిన బొమ్మ అంటూ అవార్డు వద్దన్నాడు. ఒంటరి బొమ్మను ముందు పెట్టి పోటీ నడిపితే అది కెమెరాలోంచి వచ్చిందో లేదో తేల్చడం ఇకమీదా కష్టమే. ఇరవై ఏళ్లుగా ఒకే పని చేస్తున్న మనిషి విషయంలో ఆ తికమకకు చోటు తక్కువ.

దక్షిణాఫ్రికాకు చెందిన ఫోటోగ్రాఫర్ జానెలె ముహోలీ 2006లో ‘ఫేసెస్ అండ్ ఫేజెస్’ మొదలుపెట్టారు. నల్లజాతి లెస్బియన్ల, ట్రాన్స్ వ్యక్తుల బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్లు అవి, వందల సంఖ్యలో. కొందరిని ఏళ్ల తర్వాత మళ్లీ తీశారు. ఒక్కో ముఖం విడిగానూ బాగుంటుంది. ఆన్‌లైన్‌లో తిరిగేవీ ఆ విడి ముఖాలే. ప్రదర్శనలో మాత్రం అవన్నీ గోడ నిండా వరుసలుగా ఉంటాయి, మధ్యమధ్య కొన్ని చోట్లు ఖాళీగా ఉంటాయి. కొన్ని ఖాళీలు ఇక ఈ ప్రాజెక్టులో లేనివాళ్లవి. కొన్ని ఇంకా ఫోటో తీయాల్సినవాళ్లవి. ఏది ఎవరిదో ఆ గోడ చెప్పదు.