పనితీరు మెరుగుపరిచాం, చిత్తగించవలెను

"చిన్నచిన్న బగ్గులు సరిచేశాం. పనితీరు మెరుగుపరిచాం."

ఇదీ 2.4.2 వెర్షన్ ఛేంజ్‌లాగ్ (ఏమేం మారాయో చెప్పే చిట్టా) సమస్తం. ఎంత సంస్కారం! ఏ బగ్గు, ఎవరిని కరిచింది అని బయటపెడితే దాని పరువు ఏం కాను?

మేం వాడే లైబ్రరీ అది, అంటే మా ప్రోగ్రాంలో కలుపుకున్న బయటివాళ్ల కోడ్. సెమాంటిక్ వెర్షనింగ్ అనే వెర్షన్ అంకెల పద్ధతి ప్రకారం చివరి అంకె ఒక్కటే మారితే పాత కోడ్‌కి ఢోకా ఉండదు. నమ్మి ఎక్కించాం. రాత్రి రెండింటికి ఏడుగురం కాల్‌లో ఉన్నాం. ఒకరు నెట్‌వర్క్‌ని అనుమానించారు, ఒకరు డేటాబేస్‌ని, మేనేజర్ అందర్నీ. సర్వర్ రీస్టార్ట్ చేశాం. ఎందుకని ఎవరూ అడగలేదు, అదొక శాంతిపూజ. "ఛేంజ్‌లాగ్ చూశారా?" "చూశాం సార్, పనితీరు మెరుగైందట."

నిజమే. జవాబు కోసం ఆగే గడువుని (టైమవుట్‌ని) సెకన్ల నుంచి మిల్లీసెకన్లకు మార్చారు. మేమిచ్చిన 30కి అర్థం మారిపోయింది. ప్రతి రిక్వెస్టూ కన్ను మూసి తెరిచేలోగా చచ్చిపోతోంది. ఇంతకన్నా వేగం ఏం కావాలి?

కోడ్‌లో ప్రతి మార్పునీ నమోదుచేసే గిట్ లాగ్ ఉండగా ఛేంజ్‌లాగ్ దేనికనే మేధావులున్నారు. చూశాం అదీ. "ఫిక్స్", "ఫిక్స్ 2", "ఈసారి నిజంగా ఫిక్స్". ఉత్తరం అడిగితే చిత్తుకాగితాల బుట్ట తెచ్చి ముందు బోర్లించినట్టుంది.

2014 నుంచీ ఉన్న 'కీప్ ఎ ఛేంజ్‌లాగ్' పద్ధతిలో ఆరే శీర్షికలు: చేర్చినవి, మార్చినవి, త్వరలో పోయేవి, తీసేసినవి, సరిచేసినవి, భద్రత. ఆ చివరిదాని దగ్గర నాకు నవ్వు రాదు. భద్రతా లోపం పూడ్చి, దాన్నీ "చిన్నచిన్న బగ్గుల" కింద పాతిపెట్టేవాళ్లున్నారు. ఎవరి నుంచి దాస్తున్నారు? పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టుకుంటే కన్నం ఎక్కడుందో దొంగకి ఇట్టే తెలుస్తుంది. తెలియనిది మిమ్మల్ని నమ్మి వాడుకునేవాడికే. చిన్న బగ్గులేగా, వచ్చే నెల చూద్దాంలే అని వాడు పడుకుంటాడు. మీ పరువు కోసం వాడి తలుపు తీసి ఉంచారు. సిగ్గుండాలి!

సరే, మా కథ. తెల్లారేసరికి 30ని 30000 చేసి నిద్రపోయాం. మూడోరోజు 2.4.3 వచ్చింది. ఈసారి ఛేంజ్‌లాగ్‌లో తేదీ, ఫైలు పేరు, లైను నంబరుతో సహా స్పష్టంగా రాశారు: రీడ్‌మీ అనే పరిచయపత్రంలో ఒక అక్షరదోషం దిద్దారట.

టైమవుట్‌ని మళ్లీ సెకన్లకు మార్చిన సంగతి మాత్రం లేదు. మా ప్రోగ్రాం ఇప్పుడు ఒక్కో జవాబు కోసం 8 గంటల 20 నిమిషాలు ఓపిగ్గా ఎదురుచూస్తోంది.