కాలిన ఇంజనాయిల్ డబ్బా గారికి ఓ బహిరంగ లేఖ

మెకానిక్ షెడ్డులో పానాల పెట్టె పక్కన, మూత లేని పెయింట్ డబ్బాలో కొలువున్న నల్ల ఆయిల్ గారికి నమస్కారం.

పొద్దున దాకా ఎవరి ఇంజన్లోనో తిరిగి తిరిగి మసీ, ఇనప రజనూ ఒళ్ళంతా నింపుకుని రిటైర్ అయ్యారు కదా, ఇంక రెస్ట్ తీసుకుంటారనుకుంటే మధ్యాహ్నానికల్లా నా బైక్ చైన్ మీద పోస్టింగ్ వేయించుకున్నారు! సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గిర్రున తిప్పుతూ ఓ బ్రష్ తో మిమ్మల్ని పూసేసి "చైన్ సర్వీసింగ్ కూడా అయిపోయిందన్నా" అనడం, బిల్లులో దానికో లైను. ఫ్రీగా వచ్చినోళ్ళకి కూడా జీతం రాయించుకున్న మొనగాళ్ళు మీరు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల రూల్స్ లో మీ ప్రస్తావన ఉందని ఈ షెడ్డులో ఎవరికీ చెప్పలేదు చూశారా, ఎంత వినయం.

మీరేమో పల్చగా ఉంటారు, సగం మంది గేటు దాటకముందే ఎగిరి టైరు మీద, రిమ్ము మీద, వెనక కూర్చున్నవాళ్ళ చీర అంచు మీద పడతారు. మిగిలినోళ్ళు రోడ్డు మీద దుమ్మునంతా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఇక అరగదీయడమే పని. జనం "చైన్ సాగిపోయింది" అంటారు గానీ ప్లేట్లేం సాగవు, లోపల పిన్నులూ బుష్షులూ అరిగి ఒక్కో లింకు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వస్తది, వందకి అటూఇటూ లింకులు కదా, అన్నీ కలిస్తే చైన్ వేలాడుద్ది. స్ప్రాకెట్ల (చైన్ తిరిగే ముందూ వెనకా పళ్ళ చక్రాలు) పళ్ళు మొనదేలి ఓ పక్కకి వాలిపోతాయి, ముందుది చిన్నది, ఎక్కువ చుట్లు తిరుగుద్ది కాబట్టి ముందు అదే పోద్ది. పోనీ చైన్ ఒక్కటే మార్పిద్దామంటే పాత పళ్ళు కొత్త చైన్ ని నమిలేస్తాయి, అందుకని మూడూ కలిపి సెట్టే కొనాలి.

ఇంకో ముచ్చట, వదులైందని దాన్ని వీణ తీగలాగా బిగించేస్తారు మీ శిష్యులు. చాలా కమ్యూటర్ బండ్లకి 20-30 మిల్లీమీటర్లు ఆడాలి, ఇద్దరెక్కి గుంతలో పడి స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఇనప చెయ్యి) పైకి లేచినప్పుడు అది ఇంకా బిగుసుకుంటది, గేర్ బాక్స్ షాఫ్ట్ బేరింగ్ ఏడుస్తది. ఇదంతా మాన్యువల్లో ఉంది లెండి, ఆ పుస్తకం కవర్ కూడా విప్పకుండా బీరువాలో భద్రంగా ఉంది.

అంతటితో ఆగారా? మెరుపు కోసమని ముందు ఫోర్క్ రాడ్లకి (ముందు షాక్ అబ్జార్బర్ల మెరిసే గొట్టాలకి) కూడా మీ గుడ్డే! దానికి అంటుకున్న దుమ్ము బ్రేకు కొట్టినప్పుడల్లా డస్ట్ సీల్ లోకి దూరి, ఆయిల్ సీల్ కోసేసి, ఫోర్క్ ఆయిల్ కారి బ్రేకు డిస్కు దాకా వస్తే ఇంక బ్రేకు దేవుడి దయ.

వచ్చే సర్వీసింగ్ కి కిరసనాయిలు, పాత టూత్ బ్రష్, 90 నంబర్ గేరాయిల్ నేనే తెచ్చుకుంటున్నా (ఓ-రింగ్ చైన్ ఉన్నోళ్ళు పెట్రోల్ తో మాత్రం కడక్కండి, రబ్బరు రింగులు పాడైపోతాయి). మీరు దయచేసి డబ్బాలోనే కూర్చోండి, రీసైక్లింగ్ వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. వాళ్ళు రాకపోతే మిమ్మల్ని పారబోసే పక్క కాలవ గురించి ఇంకో ఉత్తరం రాస్తా.

ఇట్లు,
మూడో చైన్ సెట్టు కొన్నవాడు