శ్రీయుత గ్యాప్ సర్టిఫికెట్ గారికి

నమస్కారం. కాలేజీ ఆఫీసులో, నా ఫైలులో, టెన్త్ మెమోకీ ఇంటర్ మెమోకీ కింద మీరు క్షేమమని తలుస్తాను. ఆ మెమోల్లో నేను చేసినవి ఉన్నాయి. మీలో మాత్రం చదువు ఆగిన రెండేళ్లూ నేనేమీ చేయలేదని ఉంది, అదీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద, నోటరీ ముద్రతో. ఏదైనా చేసినందుకు ఇంత గట్టి రుజువు నాకెవరూ ఇవ్వలేదు.

మీ ఇంగ్లీషును మా అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. సదరు కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు, ఏ క్రిమినల్ కేసులోనూ లేను. "పోనీలే, చివర్లో అదన్నా మంచిగా రాసినారు" అనింది.

మీ దృష్టికి రాని సంగతులు కొన్ని ఉన్నాయి. బీటెక్ సెకండ్ ఇయర్ పరీక్షలు అయిన ఎండాకాలంలో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. అమ్మ టిఫిన్ బండి పెడితేనే ఇల్లు గడిచేది కాబట్టి నాన్న నా వంతుకు వచ్చాడు. ముక్కులో వేసిన ట్యూబులోంచి పాలు ఎంత నెమ్మదిగా పొయ్యాలో, పొరబోకుండా తల ఎంత ఎత్తులో పెట్టాలో, వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎటు తిప్పాలో నేర్చుకున్నాను. ల్యాబ్ లేదు, రికార్డు లేదు. వైవా మాత్రం ప్రతి రాత్రీ బండి కడిగి వచ్చాక అమ్మ పెట్టేది.

మధ్యలో చుట్టాలు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకి వేరే దేనికి లోటున్నా చుట్టాలకి ఉండదు. "పాప ఖాళీగానే ఉంది కదా" అని ఫోన్ చేసేవాళ్లు. మూడు నెలల ముందు విడుదలయ్యే 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, అవి దొరక్కపోతే వాళ్లను భూదేవి కాంప్లెక్సుకు తీసుకెళ్లి టోకెన్ల లైన్లో నిలబెట్టాలి. ఒక పెద్దమ్మ కొండ దిగొచ్చి, లడ్డు నా చేతిలో పెట్టి, చెవిలో "లవ్ మేటరా?" అని అడిగింది.

నాన్న కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టాక నేను మంచమెక్కాను. జ్వరం లేదు, నొప్పి లేదు, లేవబుద్ధి కాలేదు, అంతే. తల దువ్వుకోవాలంటే ఏడుపొచ్చేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, చివరికి సైకియాట్రీ ఓపీలో చీటీ రాయించారు. మాత్రలు వాడాను, మెల్లగా లేచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నది డాక్టరు కాదు, మా మేనత్త.

మిమ్మల్ని టైపు చేసిన అన్న కూడా అదే మాట అన్నాడు. "కారణం ఏం వేయమంటావు పాపా?" అన్నాడు, జరిగింది చెప్పాను. "అవన్నీ వద్దులే, రేపు ఉద్యోగాలకి ఇబ్బంది. అందరికీ వేసేదే వేస్తా" అని పాత ఫైలు తెరిచి, ఎవరో అబ్బాయి పేరు తీసేసి నా పేరు పెట్టాడు. సన్నాఫ్‌ని డాటరాఫ్ నేనే మార్పించాను. ఆ విధంగా ఆ రెండేళ్లూ నేను ఇంటి దగ్గరుండి గ్రూప్-2కి ప్రిపేర్ అయ్యాను.

మా ఆర్20, అంటే 2020 నాటి బీటెక్ రూల్స్ పుస్తకంలో మీకో గొప్పింటి బంధువు ఉన్నాడు, గ్యాప్ ఇయర్. చదువు మధ్యలో, స్టార్టప్ పెట్టే మెరికల్లాంటి పిల్లలు ఒక ఏడాది దర్జాగా సెలవు తీసుకోవచ్చు. నాన్నను పక్కకి తిప్పడం స్టార్టప్ కిందికి రాదు, ఇన్వెస్టర్లు దొరకరు. 2020 జాతీయ విద్యా విధానమైతే ఇంకా ఉదారం. మధ్యలో వెళ్లొచ్చు, మళ్లీ రావొచ్చు, సంపాదించిన క్రెడిట్లు బ్యాంకులో భద్రంగా ఉంటాయంటుంది. ఆ క్రెడిట్ బ్యాంకుకి 2021లో నిబంధనలు కూడా వచ్చాయి. కౌంటర్ దగ్గర ఈ మాటే చెబితే, "అదంతా సరేమ్మా, గ్యాప్ సర్టిఫికెట్ తెచ్చినావా?" అన్నారు.

తెచ్చాను, చేరాను. ఆర్20లో వెళ్లినదాన్ని ఆర్23లో తేలాను. సిలబస్ మారింది, సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు నెత్తిన పడ్డాయి. క్లాసంతా అక్కా అంటుంది. గౌరవమే అనుకోండి, కానీ చివరి బెంచీలో కబుర్లు నేను రాగానే ఆగిపోతాయి.

మొన్న ప్లేస్‌మెంట్ వాళ్లు మీ జిరాక్స్ రెండు సెట్లు అడిగారు. కొన్ని కంపెనీలకి చదువులో ఏడాదికి మించి గ్యాప్ ఉండకూడదట. అలాంటి చోట నా తరఫున మాట్లాడాల్సింది మీరే. గ్రూప్-2లో ఎన్ని మార్కులొచ్చాయని వాళ్లు అడిగితే మాత్రం హాల్ టికెట్ నంబరుతో సహా సిద్ధంగా ఉండండి.

ఇట్లు, ప్రమాణపూర్వకంగా,
థర్డ్ ఇయర్ అక్క,
తిరుపతి.